చిన్న బడ్జెట్ క్రైమ్ థ్రిల్లర్‌కి గ్రేస్ మార్కులు వేయాలా? థియేటర్‌కి వెళ్లాలా, ఆగాలా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను నెలకు ఒకటో రెండో సినిమాలు చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. క్రైమ్ థ్రిల్లర్లంటే ఇష్టం. పేరున్న హీరో లేని చిన్న సినిమాలకి వెళితే సగం సార్లు డబ్బు దండగ అనిపిస్తోంది. అదే మాట అంటే ఫ్రెండ్స్ 'తక్కువ బడ్జెట్ కదా, ఆ మాత్రం సర్దుకోవాలి' అంటున్నారు. నిజంగా సర్దుకోవాలా? ఏది చూడదగ్గదో ముందే తెలిసే దారి ఉందా? ఓటీటీలో వచ్చేదాకా ఆగితే పోదా? మా పదమూడేళ్ల అబ్బాయిని తీసుకెళ్లొచ్చా?"

సూటిగా చెబుతానండి. సర్దుకోనక్కర్లేదు. బడ్జెట్ తక్కువని సెట్టునీ గ్రాఫిక్సునీ క్షమించండి, కథని మాత్రం క్షమించకండి. ఏది చూడదగ్గదో ముందే చాలావరకు తెలుస్తుంది, ఎలాగో కింద రాస్తాను. వెళ్లాలనిపిస్తే మాత్రం శని, ఆదివారాల్లోనే వెళ్లండి. సోమవారానికి ఆ సినిమా మీ ఊళ్లో ఉండకపోవచ్చు.

నేను విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో పనిచేస్తూ వచ్చినవాణ్ణి. మొదట్లో రిప్రజెంటేటివ్‌గా తిరిగాను. సినిమాతో పాటు గుడివాడో, తెనాలో, నరసరావుపేటో వెళ్లి, తెగిన టికెట్లు లెక్క చూసుకుని, ఆ రోజు వసూళ్ల రిపోర్టు ఆఫీసుకి పంపడం ఆ పని. తర్వాత కృష్ణా, గుంటూరు ఏరియాలకి థియేటర్ల బుకింగ్ చూశాను. పెద్ద హీరో సినిమాకి మాతో పెద్దగా పని ఉండదు, దాని దారి అది చూసుకుంటుంది. మేం నిజంగా కష్టపడేది చిన్న సినిమాకే. అందులోనూ క్రైమ్ కథలంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. కాబట్టి మీ ప్రశ్న నాకు దగ్గరిది.

ముందు ఈ 'తక్కువ బడ్జెట్ కదా' అన్న మాట సంగతి చూద్దాం. డబ్బు తక్కువైతే తెర మీద ఏం తగ్గుతుంది? సెట్లు, ఫైట్లు, ఫారిన్ పాటలు, జనం నిండిన సీన్లు తగ్గుతాయి. క్రైమ్ కథకి ఇవేవీ అక్కర్లేదు. ఒక నేరం, దాని చుట్టూ నలుగురు మనుషులు, వాళ్లలో ఎవరు ఏం దాస్తున్నారన్న ప్రశ్న ఉంటే చాలు. కొత్త దర్శకులు, చిన్న నిర్మాతలు ఈ జానర్ మీద పడేది కూడా అందుకే. డబ్బు లేని లోటు అన్నిటికంటే తక్కువగా కనపడే జానర్ ఇది. మరి డబ్బు లోటు కనపడని చోట ఏం కనపడుతుంది? రాత. రాసిన మనిషి ఎంతసేపు కూర్చుని ఆలోచించాడన్నది సీన్ సీన్‌లో బయటపడిపోతుంది.

2003లో వచ్చిన 'ఐతే' చూడండి. దర్శకుడు చంద్రశేఖర్ ఏలేటికి అది మొదటి సినిమా. తెర మీద ఎక్కువమంది కొత్తవాళ్లు. ఉద్యోగం లేని నలుగురు కుర్రాళ్లు ఒక పెద్ద నేరంలో ఇరుక్కోవడం కథ. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం అయింది. అలాగే 2016 నాటి 'క్షణం'. ఇక్కడ చిన్న బడ్జెట్‌లో తీసిన ఆ కథనే హిందీలో 2018లో 'బాఘీ 2'గా భారీ ఫైట్లతో తీశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఫ్రెండ్స్‌కి నేను ఇంతకంటే చెప్పాల్సింది ఉండదు. తప్పిపోయిన పిల్ల అసలు ఉందా లేదా అన్న అనుమానమే ఆ కథకి ఊపిరి. ఆ అనుమానాన్ని నిలబెట్టడానికి హెలికాప్టర్లు అక్కర్లేదు.

అయితే ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. తక్కువ బడ్జెట్ నిజంగా దెబ్బ కొట్టే చోటు ఒకటుంది. అది షూటింగ్ రోజులు. థ్రిల్లర్ అంటే రాత్రి సీన్లు ఎక్కువ. రాత్రి షూటింగ్ అంటే జనరేటరు, లైట్లు, యూనిట్‌కి అదనపు బత్తా. అనుకున్నదానికంటే ఖర్చు పెరిగేకొద్దీ చివర్లో తీయాల్సిన సీన్లు ఎగిరిపోతాయి. చాలా చిన్న థ్రిల్లర్లలో మీరు గమనించే ఉంటారు. ఫస్టాఫ్ బాగానే నడుస్తుంది. సెకండాఫ్‌లో విలన్‌ని ఒక గదిలో కుర్చీకి కట్టేసి, వాడి చేతే మొత్తం కథ చెప్పిస్తారు. మధ్య మధ్యలో నాలుగు ఫ్లాష్‌బ్యాక్ ముక్కలు. హీరో పరిశోధించి కనుక్కోవాల్సిన విషయాలన్నీ విలన్ నోటితో వచ్చేస్తాయి. ఇలాంటివి ప్రివ్యూలో చూసినప్పుడల్లా నాకు బాధేసేది. ఆ చివరి నాలుగైదు రోజుల షూటింగ్ డబ్బు ఉంటే సినిమా వేరే స్థాయిలో ఉండేదని తెలిసేది. కానీ టికెట్ కొన్నవాడికి ఆ బాధతో పని లేదు. పైగా ముందే ఆలోచించిన రచయిత, ఎన్ని రోజులు దొరుకుతాయో తెలుసుకుని దానికి తగ్గ కథే రాసుకుంటాడు.

ఇంకో పెద్ద లోపం, దీనికి డబ్బుతో సంబంధమే లేదు. హంతకుడు ఆఖరి పావుగంటలో మొదటిసారి కనపడటం! అంతవరకు కథలో లేని మనిషిని తెచ్చి ట్విస్ట్ అంటారు. ప్రేక్షకుడికి అది ఆశ్చర్యంగా ఉండదు, మోసంగా ఉంటుంది. మంచి క్రైమ్ కథలో జవాబు మన కళ్ల ముందే ఉంటుంది, మనం వేరే చోట చూస్తూ ఉంటాం. ఇంటికెళ్లాక "అరె, ఆ మాట అప్పుడే అన్నాడు కదా" అనిపించాలి.

రిప్రజెంటేటివ్‌గా తిరిగే రోజుల్లో సినిమా ఆడుతుందో లేదో తెలుసుకోవడానికి నాకో అలవాటు ఉండేది. ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర నిలబడి వినేవాణ్ణి. జనం "వాడే చేసుంటాడ్రా", "కాదు, ఆ తమ్ముడి మీద డౌటు" అని వాదించుకుంటుంటే సాయంత్రం ఫస్ట్ షోకి జనం పెరుగుతారని ఆఫీసుకి ధైర్యంగా చెప్పేవాణ్ణి. సమోసా తింటూ ఇంటి సంగతులో, పత్తి రేటో మాట్లాడుకుంటుంటే ఇక అంతే. ఆ లెక్క తప్పడం చాలా అరుదు. మామూలు ప్రేక్షకుణ్ణి అని మీరు తగ్గించుకుని రాశారు గానీ, ఈ వ్యాపారం మొత్తం నడిచేది మీలాంటివాళ్ల మాట మీదేనండి. సినిమా గురించి చదివినవాళ్ల అభిప్రాయం పేపర్లో వస్తుంది. మీ అభిప్రాయం సెకండ్ షోకి ఎంతమంది వస్తారో తేలుస్తుంది. అందుకే మీరు సర్దుకుని మెచ్చుకోకూడదని అంటున్నాను. బాగాలేని దాన్ని జాలితో బాగుందని చెబితే, మీ మాట నమ్మి వెళ్లినవాళ్లు ఆ తర్వాత వచ్చే నిజంగా మంచి చిన్న సినిమాకి వెళ్లరు. నష్టపోయేది ఆ రెండో సినిమా.

ఇప్పుడు శబ్దం గురించి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రేక్షకులు దీన్ని పేరు పెట్టి చెప్పలేరు గానీ, 'ఏదో సీరియల్ చూసినట్టు ఉంది' అని వాళ్లు అనేది దీని గురించే. చిన్న సినిమాల్లో కెమెరా ఇప్పుడు పెద్ద సమస్య కాదు, డిజిటల్ వచ్చాక బొమ్మ అందరిదీ నీటుగానే ఉంటోంది. దెబ్బతినేది సౌండ్. డబ్బింగ్ థియేటర్‌లో చెప్పిన డైలాగు, మనిషి మెట్ల మీద ఉన్నా పొలంలో ఉన్నా ఒకేలా వినపడుతుంది. అడుగుల చప్పుడు, తలుపు గడియ, దూరంగా కుక్క అరుపు, ఇవన్నీ విడిగా చేసి కలపాలి. దానికి టైమూ డబ్బూ ఇవ్వరు. ఆ ఖాళీని కప్పడానికి సినిమా అంతా ఢమఢమా మ్యూజిక్ నింపేస్తారు. భయపెట్టాల్సిన చోట నిశ్శబ్దం ఉండాలి, నిశ్శబ్దంలో ఒక చిన్న చప్పుడు ఉండాలి. మ్యూజిక్ ఆగకుండా మోగుతుంటే టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

1985లో వంశీ తీసిన 'అన్వేషణ' వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. అడవిలో వరసగా జరిగే చావులు కథ. ఇళయరాజా నేపథ్య సంగీతం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో గమనించండి. తెర మీద చెట్లూ ఆకులూ తప్ప ఏమీ లేని చోట కూడా వెన్నులో చలి పుడుతుంది. అప్పటికి ఇప్పుడున్న టెక్నాలజీ ఏదీ లేదు.

శబ్దం మీకు ముందే పనికొచ్చే పరీక్ష కూడా. ట్రైలర్‌ని ఒకసారి కళ్లు మూసుకుని ఇయర్‌ఫోన్స్‌తో వినండి. మాటలు ఆ చోటులో మాట్లాడినట్టు ఉన్నాయా, రికార్డింగ్ రూమ్‌లో చదివినట్టు ఉన్నాయా? ఒక్క సెకనైనా మ్యూజిక్ ఆగిందా? ఈ రెండింటికీ జవాబు బాగుంటే సినిమా మీద ఎవరో శ్రద్ధ పెట్టారని అర్థం. నేను బుకింగ్‌కి ముందు ఇదే చేసేవాణ్ణి.

ముందే తెలుసుకోవడానికి మిగతావి క్లుప్తంగా చెబుతాను. కథ, మాటలు ఎవరు రాశారో చూడండి. నటీనటుల కంటే అదే ముఖ్యం. నిడివి చూడండి, పేరున్న హీరో లేని థ్రిల్లర్ రెండుంపావు గంటలు దాటితే మధ్యలో అవసరం లేని పాటో లవ్ ట్రాకో ఉందని చాలావరకు ఖాయం. 'నిజ సంఘటనల ఆధారంగా' అన్న మాటకి విలువ ఇవ్వకండి, అది ఎవరైనా వేసుకోవచ్చు. ట్రైలర్‌లో కథంతా చెప్పేస్తే వాళ్లకే సినిమా మీద నమ్మకం లేదని అర్థం. రివ్యూల్లో స్టార్ల లెక్క వదిలేసి, సెకండాఫ్ గురించి ఏం రాశారో అది ఒక్కటే చదవండి.

కథ ఎక్కడ జరుగుతోందో కూడా చూడండి. హైదరాబాద్‌లో ఏదో ఒక అపార్ట్‌మెంటు, ఏదో ఒక కాఫీ షాపు అంటే నాకు ఆసక్తి తగ్గిపోతుంది. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరు డిటెక్టివ్ కథ. ఆ ఊరి యాస, ఆ ఊరి వీధులు, హీరోకి అక్కడున్న చిన్న ఆఫీసు, ఇవన్నీ కథకి బలమయ్యాయి. ఊరు నిజంగా ఉంటే నేరం కూడా నిజంగా జరిగినట్టు అనిపిస్తుంది. మన దగ్గర మాత్రం విజయవాడ అనగానే రౌడీయిజం, గుంటూరు అనగానే మిర్చి డైలాగు, అక్కడితో ఆగిపోతున్నారు. మిర్చి యార్డులో సీజన్‌లో చేతులు మారే డబ్బు, కాలవ గట్ల మీది ఇళ్లు, రాత్రంతా మెలకువగా ఉండే విజయవాడ జంక్షన్, పాత అద్దె ఇళ్ల తగాదాలు... ఎన్ని కథలున్నాయి! వాటికి ఖర్చు కూడా తక్కువే.

పోలీసుల సంగతి కూడా ఖర్చు లేని శ్రద్ధే. విజయవాడలో కథ జరుగుతుంటే ఎస్పీ గారు వచ్చారంటారు. విజయవాడకి 1983 నుంచీ కమిషనరేట్ ఉంది, అక్కడ ఉండేది సీపీ, అంటే పోలీస్ కమిషనర్. గుంటూరుకి ఎస్పీ. లాకప్‌లో నాలుగు తగిలించగానే నిందితుడు ఒప్పేసుకుంటాడు, కేసు క్లోజ్ అంటారు. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా చెల్లదని మన చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది తెలిసిన రచయితకి గడియారం ఊరికే దొరుకుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఆధారం దొరక్కపోతే ఎలా అన్న టెన్షన్ దానంతట అదే పుడుతుంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, హత్యకి ఐపీసీ 302 బదులు భారతీయ న్యాయ సంహితలో 103 వచ్చింది. ఈ మధ్య జరిగిన కథ అంటూ ఇంకా 302 అనే వినిపిస్తున్నారు కొందరు. ఒక సీఐ గారి దగ్గర గంటసేపు కూర్చుంటే సరిపోయే పని ఇది. ఆ గంట కూడా పెట్టనివాళ్లకి నేను గ్రేస్ మార్కులు వేయను.

ఇక థియేటరా, ఓటీటీనా అన్నది. దీనికి చిన్న సినిమా వారం ఎలా గడుస్తుందో తెలియాలి.

పెద్ద సినిమాని బయ్యర్లు డబ్బిచ్చి కొనుక్కుంటారు. చిన్న సినిమాని ఎక్కువసార్లు ఎవరూ కొనరు, నిర్మాతే సొంతంగా రిలీజ్ చేసుకుంటాడు. సింగిల్ స్క్రీన్ అయితే వారానికి ఇంతని అద్దె. వసూళ్లు ఆ అద్దెకి చాలకపోతే తేడా నిర్మాతే కట్టాలి. మా భాషలో అది నెగటివ్ షేర్. అంటే సినిమా ఆడిన కొద్దీ జేబులోంచి పోతుంది. మల్టీప్లెక్సులో అద్దె గొడవ ఉండదు, వచ్చినదాంట్లో వాటా. కానీ సీట్లు నిండకపోతే మరుసటి రోజే షో తీసేస్తారు. దీనికి తోడు డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి ప్రతి స్క్రీన్‌కి కట్టే చార్జీ. ఈ చార్జీల మీదే 2018 మార్చిలో తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాదిలో థియేటర్లు కొన్ని రోజులు మూతపడ్డాయి. వంద కోట్ల సినిమాకి ఆ చార్జీ లెక్కలోకి రాదు, చిన్న సినిమాకి అది ప్రాణం మీదికి వస్తుంది.

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్ల ఉత్తర్వు ఇచ్చినప్పుడు, రోజుకి ఐదు షోలు వేసుకోనిస్తూ, 20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకి ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక షో ఇవ్వాలని పెట్టింది. మంచి ఆలోచనే. నేను చూసినంతలో ఆ ఒక్క షో ఎక్కువగా పొద్దున 11 గంటలదే అవుతుంది. ఉద్యోగం చేసుకునే మీలాంటివాళ్లు శుక్రవారం 11 గంటలకి ఎలా వస్తారు? మీరు రాలేదు కాబట్టి కలెక్షన్ లేదు, కలెక్షన్ లేదు కాబట్టి శనివారం సాయంత్రం షో ఇవ్వరు. ఆదివారం రాత్రికి సినిమా లేచిపోతుంది. మంగళవారం ఎవరో "బాగుందట" అంటారు. ఇలా పోయిన మంచి సినిమాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి నా సలహా: శుక్రవారం సాయంత్రానికి మీరు నమ్మే ఇద్దరు ముగ్గురి మాట వినండి, శనివారం వెళ్లండి. సౌండ్ బాగున్న హాలు ఎంచుకోండి. చీకటి సీన్లు ఎక్కువుండే సినిమాకి ప్రొజెక్టర్ వెలుతురు తగ్గిన హాలు అస్సలు పనికిరాదు, తెర మీద నల్లటి మరకలు తప్ప ఏమీ కనపడవు. మీ గుంటూరులో ఏ హాల్లో బొమ్మ మసకగా ఉంటుందో మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

అన్నిటికీ థియేటర్‌కే వెళ్లమని చెప్పను. కథ మొత్తం మాటల మీద, ఒక ఇంట్లో నడిచేదైతే ఓటీటీలో చూసినా పోయేదేం లేదు. ఒకటి గుర్తుంచుకోండి, థియేటర్‌లో బొత్తిగా ఆడని చిన్న సినిమాకి ఓటీటీ వాళ్లు ముందుగా పెద్ద మొత్తం ఇచ్చే రోజులు దాదాపు పోయాయి. చాలావాటికి ఎంతమంది ఎంతసేపు చూశారన్న లెక్క మీదే డబ్బు వస్తోంది. అందువల్ల ఇంట్లో చూసినా చివరిదాకా చూడండి, నచ్చితే నలుగురికి చెప్పండి. ఫోన్ చూసుకుంటూ థ్రిల్లర్ చూసి "అర్థం కాలేదు" అనడం మాత్రం న్యాయం కాదు.

మీ అబ్బాయి సంగతి. 2024 నుంచి సెన్సార్ వాళ్లిచ్చే యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. 'ఏ' ఉంటే పద్దెనిమిది నిండనివాళ్లని హాల్లోకి రానివ్వకూడదు. యూఏ మాత్రం తల్లిదండ్రులు నిర్ణయించుకోమని చెప్పే సూచన. ఇందులో ఒక మతలబు ఉంది. 'ఏ' సినిమాని టీవీలో వేయకూడదు కాబట్టి, శాటిలైట్ హక్కులు అమ్ముకోవడానికి చిన్న నిర్మాతలు కొన్ని షాట్లు కోసి, కొన్ని మాటలు మ్యూట్ చేసి యూఏ తెచ్చుకుంటారు. కత్తి తగలబోయే చోట బొమ్మ టక్కున ఎగిరినట్టు ఉంటే కారణం అదే. కోసింది రక్తాన్నే గానీ విషయాన్ని కాదు. పిల్లల మీద, ఆడవాళ్ల మీద జరిగే హింస చుట్టూ తిరిగే కథలు 16+లో చాలా ఉంటాయి, అవి పదమూడేళ్లవాడికి వద్దు. 13+ ఉండి, దొంగతనమో మోసమో తప్పిపోయిన మనిషో కథ అయితే నిశ్చింతగా తీసుకెళ్లండి. ఇంటర్వెల్‌లో ఎవరి మీద అనుమానం ఉందో వాణ్ణి అడగండి, ఆ వయసు పిల్లలు మనకంటే ముందు కనిపెట్టేస్తారు.